మార్కెట్ యార్డులో దెబ్బతిన్న హమాలీకి యజమాని ఎవరు?

ప్రశ్న: హమాలీ బిడ్డ, హనుమకొండ

మా బాపు ఇరవై మూడేళ్లుగా ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక వ్యవసాయ మార్కెట్లో హమాలీ పని చేశారు. మార్కెట్ పేరు, అడ్తి (రైతు సరుకును కమీషను మీద అమ్మిపెట్టే దుకాణం) పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు కావలసింది ఒకరిని దోషిగా నిలబెట్టడం కాదు, ఒక ప్రశ్నకు జవాబు. మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు పుస్తకం ఆయన దగ్గర ఉంది, ఏటేటా వేసిన రెన్యువల్ ముద్రలూ ఉన్నాయి. 2025 మార్చిలో, మిర్చి సీజను నడిమధ్యన, పొద్దున జెండా పాటతో (ఆ రోజు ధర తేల్చే వేలంతో) మొదలైన పని సాయంత్రం కాంటాలు ముగిశాక లారీ లోడింగుకు వచ్చింది. బాపు వీపు మీద గోనె పరచుకొని, ఘాటుకు ముక్కుకు తువ్వాల చుట్టుకొని, బస్తాతో లారీకి ఆనించిన చెక్క ఎక్కుతూ జారి వెనక్కు పడ్డారు. వెన్నుపూస విరిగింది.

ఆపరేషను ఆరోగ్యశ్రీ కింద అయింది కాబట్టి ఆసుపత్రి ఖర్చు మా నెత్తిన పడలేదు. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే యాభై ఏళ్ల మనిషి ఈరోజు నీళ్ల బిందె కూడా ఎత్తలేని స్థితిలో ఉన్నారు. సరుకు తనది కాదనీ, రైతుకూ ఖరీదుదారుకూ మధ్య తాను ఉన్నాననీ అడ్తిదారు అన్నారు. తాను బస్తా లెక్కన జట్టుకు డబ్బు కట్టిస్తాననీ, జట్టులో ఏ రోజు ఎవరు వచ్చారో తనకు తెలియదనీ ఖరీదుదారు అన్నారు. లైసెన్సు ఇవ్వడమే తప్ప జీతం ఇచ్చేది తాము కాదు కదా అని కమిటీ కార్యాలయంలో అన్నారు. ఇవ్వవలసిన బాధ్యతేమీ లేకపోయినా జట్టు మేస్త్రి ఒక్కరే మూడు నెలల పాటు బాపు వాటా ఆపకుండా ఇంటికి పంపించారు.

సదరం శిబిరంలో వైకల్యం 35 శాతం అని రాశారు. 40 శాతం ఉంటేనే దివ్యాంగుల పింఛను వస్తుంది. వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండాలి. గీత కార్మికులకూ నేత కార్మికులకూ 50 ఏళ్లకే పింఛను ఇస్తున్న ప్రభుత్వం, నలభై ఐదు దాటేసరికి నడుము అరిగిపోయే ఈ వృత్తికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఇంతకీ చట్టం దృష్టిలో మా బాపుకు యజమాని ఎవరు? ఎవరూ లేకపోతే ఆ స్థానంలో ప్రభుత్వం నిలబడాలని అడగడం న్యాయమేనా, లేక అది అత్యాశా?

జవాబు 1: విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి, వరంగల్

అమ్మా, న్యాయాన్యాయాల చర్చ తర్వాత చేద్దాం, ముందు గడువు సంగతి చూడండి. 2025 నవంబరు 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చినా, ప్రమాదం అంతకు ముందే జరిగింది కాబట్టి మీ నాన్నగారి హక్కు 1923 నాటి నష్టపరిహార చట్టం కింద పుట్టింది. ఆ చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా దరఖాస్తు వేయాలి, అంటే మీకు 2027 మార్చి వరకే సమయం ఉంది. జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి, ఇప్పుడు ఏ అధికారి ముందు దాఖలు చేయాలో కనుక్కొని వేసేయండి.

ఈ చట్టం కార్ఖానా కార్మికులకే అని చాలామంది అనుకుంటారు, యార్డుల్లో కొందరు అలాగే చెప్పి పంపించేస్తారు కూడా. కానీ చట్టం చివర ఉన్న జాబితాలో గోదాముల్లో, మార్కెట్లలో సరుకు ఎత్తి దించే పని స్పష్టంగా ఉంది. పనిని మధ్యవర్తి ద్వారా చేయించుకున్నప్పటికీ, ఎవరి వ్యాపారం కోసం ఆ పని జరిగిందో వారి దగ్గర పరిహారం కోరవచ్చు. అందువల్ల ఖరీదుదారును, అడ్తిదారును, లారీ యజమానిని, కమిటీని అందరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరు కట్టాలో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు, ఆ భారం మీరు మోయవలసిన అవసరం లేదు.

లెక్క ఇలా ఉంటుంది. శాశ్వతంగా పూర్తి అశక్తత కలిగితే నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. వేతనం ఎంత ఉన్నా 2020 నుంచి 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకుంటున్నారు. 50 ఏళ్లకు గుణకం 153.09. అంటే 9,000ను 153.09తో హెచ్చిస్తే 13,77,810 రూపాయలు. అవతలివారు సదరం పత్రం చూపించి 35 శాతమే ఇస్తామని వాదిస్తారు, అప్పుడది 4,82,233 రూపాయలకు దిగుతుంది. ఇక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. శరీరంలో వైకల్యం ఎంత అన్నది వేరు, ఆ మనిషి సంపాదించే శక్తి ఎంత పోయింది అన్నది వేరు. ఎడమ చేయి మోచేతి పైవరకు కోల్పోయిన ఒక వడ్రంగి కేసులో 1975లోనే సుప్రీంకోర్టు, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది నూటికి నూరు శాతం నష్టమని తేల్చింది. బరువు మోయడం తప్ప మరో పని తెలియని మనిషికి నడుము పోవడం కూడా అలాంటిదేనని మీరు గట్టిగా వాదించవచ్చు. ఆపరేషను చేసిన వైద్యుడి చేత "ఇకపై బరువులు ఎత్తరాదు" అని స్పష్టంగా రాయించుకోండి. చెల్లింపు ఆలస్యమైనందుకు ఏటా 12 శాతం వడ్డీ కూడా అడగండి.

ఆధారాలుగా లైసెన్సు పుస్తకం, జట్టు లెక్కల నోటు పుస్తకం, ఆ రోజు ఆ సరుకు లాటుకు తూకం, ధర, కోతలు వేసి రాసిన తక్‌పట్టీ నకలు, వీటన్నిటికంటే ముందు ఆసుపత్రి కేసు షీటు తెచ్చుకోండి. అందులో ప్రమాదం ఎక్కడ జరిగిందని రాశారో ఒకసారి చూడండి. బ్యాంకులో 20 రూపాయలు కోసుకొనే ప్రమాద బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. అందులో చేతులు, కాళ్లు, కళ్లు లెక్కకు వస్తాయి, నడుము రాదు.

ఇక మీ రెండో ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో 1976లోనే ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి నియంత్రణ, సంక్షేమ చట్టం చేశారు. మహారాష్ట్ర 1969లో మాథాడీ కార్మికుల కోసం చేసిన చట్టమే దానికి ముందున్న దారి. అన్నాసాహెబ్ పాటిల్ నాయకత్వంలో ముంబయి రేవుల్లో, బజార్లలో మూటలు మోసేవారు పోరాడి సాధించుకున్న చట్టం అది. అక్కడ ప్రభుత్వం, వ్యాపారులు, కార్మికులు ముగ్గురి ప్రతినిధులతో బోర్డు ఉంటుంది. హమాలీ బోర్డులో నమోదవుతాడు, వ్యాపారి కూడా నమోదవుతాడు. వ్యాపారి కూలితో పాటు దాని మీద కొంత శాతం లెవీని బోర్డుకు కడితే, బోర్డు కూలిని కార్మికుడికి ఇచ్చి, లెవీలోంచి ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, బోనసు, సెలవు జీతం నడుపుతుంది. రోజుకు పదిమంది వ్యాపారుల సరుకు మోసే మనిషికి యజమాని ఎవరన్న చిక్కుముడిని విప్పడానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఇది: పదిమందినీ కలిపి ఒకే యజమానిగా నిలబెట్టడం. మన చట్టం కూడా అదే దారిన నడవాలని పుట్టింది. నా ఉద్యోగ కాలమంతటిలో, నేను పనిచేసిన చోట్ల, ఆ చట్టం కింద పీఎఫ్ అందుకున్న హమాలీని ఒక్కరినీ చూడలేదు. మా శాఖలో చేరే కొత్తవారికి దాని పేరు చెబితే ఆశ్చర్యపోయేవారు.

కనుక మీరు అడిగింది అత్యాశ కాదు. పనిలేమి, వృద్ధాప్యం, జబ్బు, అంగవైకల్యం కలిగినప్పుడు ప్రభుత్వం సహాయం చేయాలని రాజ్యాంగం 41వ అధికరణం, పని పరిస్థితులు న్యాయంగా, మానవీయంగా ఉండేలా చూడాలని 42వ అధికరణం చెబుతున్నాయి. అవి కోర్టుకెక్కి సాధించుకొనే హక్కులు కావు, నిజమే. కానీ వాటి కోసం చేసిన చట్టం యాభై ఏళ్లు బీరువాలో ఉండిపోతే అడిగే హక్కు పౌరులకు ఉంటుంది.

జవాబు 2: బీడీ కార్మికురాలి కూతురు, మెట్‌పల్లి

చెల్లె, పెద్దాయన చెప్పిన చిక్కుముడి మా ఇంట్లో వేరే రకంగా విప్పారు, అదీ సగమే విప్పారు. మా అమ్మ నలభై ఏళ్లుగా ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి బీడీలు చుట్టింది. ఇరవై ఐదుకు ఒక కట్ట కట్టి సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోతే, పుల్ల ఆకు అనో, లావు చుట్టావు అనో కొన్ని పక్కన పడేసి మిగతావే లెక్క రాసేవారు. పని మా ఇంట్లో, ఆకు వాళ్లది, నడుమ కమీషను మనిషి. యజమాని ఎవరూ లేరని చెప్పడానికి హమాలీ పనికంటే ఇదే ఎక్కువ అనువైనది. అయినా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా ఉద్యోగులుగా గుర్తించి, కమీషను మనిషి వెనకాల ఉన్న అసలు యజమానిని బాధ్యుణ్ణి చేసింది. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1974లో ఆ చట్టం నిలబడింది. అందువల్లనే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో అక్షరం రాని ఆడవాళ్ల దగ్గర పీఎఫ్ నంబరు ఉంది.

దాని విలువ మాకు 2015లో తెలిసింది. ఆసరా పింఛను బీడీ కార్మికులకు కూడా వర్తింపజేసినప్పుడు, ఎవరు నిజంగా బీడీలు చేస్తారో తేల్చడానికి ప్రభుత్వం దగ్గర ఉన్న ఆధారం ఆ పీఎఫ్ ఖాతానే. మొదట నెలకు 1,000 రూపాయలు, 2019 నుంచి 2,016 రూపాయలు. అమ్మకు వచ్చింది. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి ఖాతా ఉన్నవారికే అన్న గీత గీసి మొదలుపెట్టారు. మా చిన్నమ్మ అమ్మ పక్కనే కూర్చొని, అమ్మ కార్డు మీదనే తన బీడీలు కూడా వేయించుకొనేది. పని ఇద్దరిదీ, నంబరు ఒక్కరిది. మా చిన్నమ్మకు ఏమీ రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో ఆసుపత్రులు, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఇళ్లు ఇచ్చే సంక్షేమ నిధి 1976లో మొదలైంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సును ఎత్తేశారు. ఒక వృత్తి పేరున కట్టే డబ్బు ఆ వృత్తివాళ్ల కోసమే విడిగా ఉండాలన్న ఏర్పాటు అలా పోయింది. నిధి పేరు మిగిలినా, ఆదాయం సర్కారు దయ మీద ఆధారపడింది. హమాలీ బోర్డు కోసం అడిగేటప్పుడు లెవీ నేరుగా బోర్డుకే చేరేలా అడగండి.

జవాబు 3: అడ్తి గుమాస్తా, వరంగల్

నేను ఇరవై ఏళ్లుగా అడ్తిలో లెక్కలు రాస్తున్నాను, కాబట్టి అవతలి పక్షం మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ అమ్మాయి తండ్రికి జరిగినదానికి బాధపడుతున్నాను, పరిహారం అడగడంలో తప్పు లేదు. కానీ ఖరీదుదారు మీద లెవీ వేస్తే అతడు జేబులోంచి కడతాడని ఎవరూ అనుకోవద్దు. మరునాడు పాటలో ఆ మేరకు ధర తగ్గించి పాడతాడు, చివరికి ఆ బరువు రైతు వీపు మీదకే వస్తుంది. రెండవది, లైసెన్సు ఉన్నవారే పని చేయాలన్న పద్ధతి ముదిరితే ఏమవుతుందో కేరళలో చూశాం. అక్కడ 1978లోనే తలబరువు కార్మికుల చట్టం చేశారు, దానితో పాటు సామాను తాము దించకపోయినా చూస్తూ నిలబడినందుకు కూలి అడిగే అలవాటూ ప్రబలింది. చివరికి 2018లో ప్రభుత్వమే దానిని నిషేధించవలసి వచ్చింది. మన యార్డుల్లోనూ లైసెన్సున్న మనిషి ఇంట్లో ఉండి, అతని పేరు మీద వేరొకరు మోయడం నేను చూశాను. బోర్డు వస్తే పీఎఫ్ ఎవరి పేర జమ అవుతుంది?

మూడవది చిన్న విషయం. ప్రమాదం జరిగిన రోజు మేమంతా భయపడతాం, పోలీసు కేసు అంటే యార్డు ఆగిపోతుందని భయం. ఆ భయంలో కొందరు చేసేవి మంచి పనులు కావని ఒప్పుకుంటాను.

జవాబు 4: మిర్చి రైతు, నర్సంపేట వైపు

గుమాస్తా గారు రైతు వీపు గురించి చింతించినందుకు సంతోషం. తక్‌పట్టీలో హమాలీ పేరున కోత ఈరోజు కూడా నాదే. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో సర్కారే వడ్లు కొంటున్నా, బస్తాలు నింపి లారీకెత్తే హమాలీ ఖర్చు నేనే కడుతున్నాను. అక్కడ కొనేది ప్రభుత్వం కాబట్టి హమాలీ పడిపోతే ఖరీదుదారు స్థానంలో ప్రభుత్వమే ఉండాలి కదా, అక్కడ ఎవరిని అడగాలి? ముందు తన కేంద్రాల్లో నమోదు మొదలుపెట్టి చూపిస్తే వ్యాపారులకు చెప్పే ధైర్యం వస్తుంది. పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా 2018 నుంచి 5 లక్షల రైతు బీమా ఉంది, 59 ఏళ్ల వరకు. నాలాంటి కౌలుదారుకు అదీ లేదు. హమాలీకి యజమాని దొరకనట్టే నాకు భూమి దొరకదు, కాగితం మీద.

జవాబు 5: విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి, వరంగల్

గుమాస్తా గారి మొదటి అభ్యంతరానికి అంకెలతోనే జవాబు చెబుతాను. మిర్చి క్వింటా 15,000 రూపాయలు అనుకుందాం, 40 కిలోల బస్తా విలువ 6,000. దాని మీద ఒక శాతం మార్కెట్ ఫీజు 60 రూపాయలు. ఆ బస్తా మీద హమాలీ కూలి 30 రూపాయలనీ, దాని మీద 30 శాతం లెవీ అనీ అనుకున్నా బస్తాకు 9 రూపాయలు పడుతుంది. అసలు కొత్త భారమే వేయకుండా, ఇప్పటికే వసూలవుతున్న ఆ 60 రూపాయల్లోంచి కొంత కార్మికుల నిధికి మళ్లించమని కూడా అడగవచ్చు. యార్డులో రోడ్లకూ షెడ్లకూ ఆ ఫీజు ఖర్చు పెట్టినప్పుడు ధర పడిపోతుందని ఎవరూ అనలేదు.

రెండవ అభ్యంతరం బరువైనది, దానిని నేను తోసిపుచ్చను. కేరళలో చూపు కూలి జబ్బు వచ్చిన మాట నిజం. అయితే అక్కడి ప్రభుత్వం చూపు కూలిని నిషేధించింది గానీ సంక్షేమ బోర్డును ఎత్తివేయలేదు. ఒకరి లైసెన్సు మీద మరొకరు మోయడం కూడా నమోదు లేకపోవడం వల్ల పుట్టిన జబ్బే. మెట్‌పల్లి అమ్మాయి చెప్పిన చిన్నమ్మ కథ అచ్చంగా ఇదే: నిజంగా పనిచేసిన మనిషి పేరు పుస్తకంలో లేదు. వేరొకరు మోస్తున్నారని గుమాస్తా గారికి తెలుసు, మేస్త్రికి తెలుసు, కమిటీకీ తెలుసు. రోజూ సాయంత్రం జట్టు లెక్కలో ఆ మనిషి పేరే రాస్తే సరిపోతుంది.

నర్సంపేట రైతు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. కొనుగోలు కేంద్రంలో పడిపోయిన హమాలీ తరఫున దరఖాస్తు వస్తే ప్రతివాదిగా ఎవరి పేరు రాయాలని మా కార్యాలయంలోనే ఒకసారి తర్జనభర్జన జరిగింది. కేంద్రం నడిపే మహిళా సంఘం పేరు రాద్దామన్నారు ఒకరు. కమీషను మీద కేంద్రం నడిపే ఆడవాళ్ల నెత్తిన లక్షల పరిహారం వేయడం కంటే ఘోరం ఇంకొకటి ఉండదని నేను అడ్డుపడ్డాను.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: హమాలీ బిడ్డ, హనుమకొండ

అందరికీ నమస్కారాలు. పెద్దాయన చెప్పినట్టే నిన్న ఆసుపత్రికి వెళ్లి కేసు షీటు నకలు తీసుకున్నాను. "ఇంటి మెట్ల మీద జారిపడ్డారు" అని ఉంది. మా ఇంటికి మెట్లు లేవు. గుమ్మం ముందు ఒక షాబాదు బండ, అంతే. ఆ రోజు బాపును ఆటోలో తీసుకుపోయినవారు అలా చెప్పారని జట్టువాళ్లు ఒప్పుకున్నారు, ఇద్దరు సాక్ష్యం రాసిస్తామన్నారు. మేస్త్రి నోటు పుస్తకంలో ఆ రోజు లాటు నంబరు, లారీ నంబరు, పక్కన బాపు పేరు ఉన్నాయి. మరునాటి నుంచి ఆ పేరు పక్కన సున్నా చుట్టి, వాటా మాత్రం రాస్తూ పోయారు. ఆ పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాను. దరఖాస్తు వచ్చే వారం వేస్తాను.

ఒక సందేహం మిగిలింది. మా అమ్మ అదే యార్డులో చాట కార్మికురాలు. కాంటాల దగ్గర రాలిన గింజలు, కాయలు ఊడ్చి చెరిగి ఇస్తే అందులోంచి ఇచ్చిందే కూలి. బాపు పడిపోయినప్పటి నుంచి ఇల్లు నడుస్తున్నది ఆ కూలితోనే. బాపుకు లైసెన్సు పుస్తకమైనా ఉంది, మేస్త్రి నోటు పుస్తకంలో పేరైనా ఉంది. అమ్మ పదిహేనేళ్లుగా వెళుతున్నా ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె పేరు మొదట ఎక్కడ రాయించాలి, దానికి ఏ కార్యాలయానికి వెళ్లాలి?

జవాబు: విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి, వరంగల్

ముందు మీసేవలో గానీ ఫోనులో గానీ, అసంఘటిత కార్మికుల జాతీయ జాబితా అయిన ఈ-శ్రమ్‌లో నమోదు చేయించండి, ఆధార్ దగ్గర పెట్టుకోండి. డబ్బులేమీ రావు, కానీ వృత్తి దగ్గర "గృహిణి" అని రాయనివ్వకండి. తర్వాత యార్డులోని చాట కార్మికులందరి సంతకాలతో లైసెన్సులు కోరుతూ కమిటీ కార్యదర్శికి వినతిపత్రం ఇచ్చి, దాని నకలు మీద తేదీతో స్వీకార ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. కేసు షీటు సంగతి మాత్రం ఆలస్యం చేయవద్దు, ఆ ఇద్దరి వాంగ్మూలాలు నోటరీ చేయించే వరకు ఎవరితోనూ దాని గురించి మాట్లాడకండి.